నాలుగు గంటల తేడా

అబుదాబి పక్కన ముసఫ్ఫాలోని ఆ కంపెనీ ఆఫీసులో పాత సర్వర్ మెట్ల కింద ఉండేది. ఎదురుగా వర్క్‌షాపులు, వెనకాల బస్సుల షెడ్డు. తలుపు తీసినప్పుడల్లా దుమ్ము ఎగిరొచ్చి దాని మీదే పడేది. 2022 జూన్‌లో, ఆ ఏడాదికి మూడోసారి అది చల్లబడి కూర్చున్నప్పుడు, జగన్మోహనరావుకి ఓపిక నశించింది.

"ఇక దీన్ని ఖలాస్ చేసేద్దాం ఉమా. అంతా క్లౌడ్‌లో పెట్టేద్దాం," అన్నాడు.

జగన్మోహనరావుది రాజమండ్రి. ఆ కంపెనీలో ఇరవై రెండేళ్ళ సర్వీసు, అడ్మినిస్ట్రేషన్‌కీ కంప్యూటర్లకీ ఆయనే మేనేజరు. ఉమామహేశ్వరిది కాకినాడ. భర్త విక్రమ్ పనిచేసే కంపెనీ కరోనా ఏడాదిలో మూతపడితే, తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళ ద్వారా ఈయన్ని పట్టుకుంది. "ఆడపిల్లవి, మన వైపు దానివి, నిన్ను రోడ్డు మీద వదిలేస్తానా," అని నెల తిరక్కుండా ఉద్యోగం ఇప్పించాడాయన. విక్రమ్ వీసా, ఏడేళ్ళ కూతురు శ్రీదుర్గ వీసా ఇప్పుడు ఆమె పేరు మీదే ఉన్నాయి. అందుకని ఆయన ఏం చెప్పినా ఆమె నోటివెంట మొదట వచ్చే మాట "సరే సార్" అనే.

కంపెనీ పని మనుషుల్ని సరఫరా చెయ్యడం. గ్యారేజీలకీ, వర్క్‌షాపులకీ, అల్ ఐన్ తోటలకీ కలిపి రెండువేల మూడువందల మంది. అందరికీ వేలిముద్ర మిషన్లు. పనికి వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి వేలు పెట్టాలి. ఆ హాజరంతా చేరేది సర్వర్‌కే.

"కొత్త సర్వర్ సిద్ధం చెయ్యడానికి రెండు వారాలు పడుతుంది సార్," అంది ఉమ.

"రెండు వారాలు దేనికమ్మా? రెడీమేడ్ ఇమేజ్ ఉంది కదా," అన్నాడాయన, ఎక్కడో విని వచ్చిన ఉత్సాహంతో.

నిజమే, ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేసు, హాజరు చూసే సాఫ్ట్‌వేర్, అన్నీ ముందే అమర్చి ఒక మూటగా కట్టి క్లౌడ్ బజారులో పెడతారు. మనం ఎంచుకుని బటన్ నొక్కితే చాలు, అయిదు నిమిషాల్లో సర్వర్ లేచి నిలబడుతుంది. కాకపోతే ఎవరో, ఎక్కడో, ఎవరి కోసమో కట్టిన మూట అది. మనకి ఏది సరిపోతుందో ఏది సరిపోదో విప్పి చూసుకోవాలి. ఆ చూసుకోవడానికే ఆమె రెండు వారాలు అడిగింది. ఆయన ఒక మధ్యాహ్నం ఇచ్చాడు.

సాయంత్రానికి సర్వర్ నడుస్తోంది. రిపోర్టు తెరిచి చూస్తే ఒకటే తేడా. ఎనిమిదింటికి ఆఫీసుకి వచ్చినవాళ్ళు నాలుగింటికి వచ్చినట్టు చూపిస్తోంది. ఇలాంటి ఇమేజ్‌లలో గడియారం ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. అది ఇక్కడి టైముకి నాలుగు గంటలు వెనక. ఈ సంగతి ఉమకి కొత్తేమీ కాదు. గడియారాన్నే మార్చాలంటే డేటాబేసు ఆపాలి, మళ్ళీ మొదలుపెట్టాలి, అన్నీ సరిగా ఉన్నాయో లేదో ఒక పూట చూసుకోవాలి. జగన్మోహనరావు అప్పటికే పెద్ద క్లయింటు వాళ్ళని పిలిచి కూర్చోబెట్టాడు.

"కనిపించేది సరిగ్గా కనిపించేలా చెయ్యమ్మా ముందు. మిగతాది తర్వాత," అన్నాడు.

ఆమె రిపోర్టు పేజీలో ప్రతి సమయానికీ నాలుగు గంటలు కలిపే ఒక లైను రాసింది. ఎనిమిది ఎనిమిదిలా కనిపించింది. క్లయింటు వాళ్ళు తలలూపి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. లోపల సర్వర్ మాత్రం తన గడియారం ప్రకారమే తారీఖులు వేసుకుంటూ పోయింది. 'తర్వాత' అనుకున్న పని ఆమె పుస్తకంలో ఒక మూల ఉండిపోయింది. నెల గడిచినా ఆమె దాని జోలికి వెళ్ళలేదు, ఎవరూ అడగలేదు కూడా.

జూలై పంతొమ్మిది, మంగళవారం. పదకొండు గంటల వేళ రిసెప్షన్ నుంచి దిల్షాద్ బేగం ఫోను చేసింది. హైదరాబాదావిడ, ఉమతో ఆవిడ మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు.

"ఉమా, ఏక్ ఆద్మీ ఆయా అల్ ఐన్ సే. పీఆర్వో లేడు. మిషన్ తప్పు అంటున్నాడు. జరా దేఖో నా, పొద్దుట్నుంచి నిలబడే ఉన్నాడు."

వచ్చినతనికి నలభై దాటి ఉంటాయి. ఎండకి కమిలిన మొహం, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా. చేతిలో ప్లాస్టిక్ కవరు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు.

"నా పేరు లింబాద్రి మేడం. ఆర్మూర్ దిక్కు. పదకొండేండ్లాయె ఈడికచ్చి," అన్నాడు. తెలుగు వినేసరికి అతని గొంతు కొంచెం తేలికపడింది.

కవరులోంచి మొదట తీసింది కంపెనీ కార్డు కాదు, డ్రైవింగ్ లైసెన్సు. రెండు చేతులతో పట్టుకుని చూపించాడు.

"ఆరోసారికి పాసైన మేడం. రెండేండ్లు పట్టింది. నీళ్ళ టాంకర్ల కంపెనీ ఒకటుంది అల్ ఐన్‌ల. డ్రైవర్‌గ తీస్కుంట అన్నరు. కాయితాలు మార్పిద్దామని నిన్న టైపింగ్ సెంటర్‌కు పోతే, నీ మీద పరారీ కేసున్నది, నువ్వు ఉరికిపొయ్యినట్టు మీ కంపెనే రాసిచ్చింది అన్నరు. నేను ఏడికి ఉరికిన మేడం? దినాం తోటలనే ఉన్న గద."

"ఏ తోట?"

అతను చెప్పాడు. ఖర్జూర తోట. ఎండాకాలం కాబట్టి చెట్లకి సూర్యుడు రాకముందే నీళ్ళు పెట్టాలి. తోడుండే మనిషి సెలవు మీద పోయాడు. ఇద్దరున్నప్పుడు అయిదింటికి మొదలుపెట్టేవాళ్ళు. జూలై మొదటి వారం నుంచీ అతనొక్కడే తెల్లవారుజామున మూడింటికి మోటారు వేస్తున్నాడు, మధ్యాహ్నం పన్నెండింటికి ఆపి గదికి పోతున్నాడు. ఇవాళ ఒక్కపూటకి మోటారు పక్క తోట వాళ్ళకి అప్పజెప్పి వచ్చాడు.

"వేలిముద్ర పెడుతున్నారా?"

"ఎందుకు వెట్ట? మోటర్ ఎయ్యకముందు వెడుత, బంద్ జేసినంక వెడుత. గా మిషన్ నాకు థాంక్యూ గుడ జెప్తది." నవ్వబోయి ఆగిపోయాడు. "నేను లేకుంటే గన్ని చెట్లకు నీళ్ళెవలు వెట్టిన్రు మేడం? మీరే జూడున్రి."

ఉమ అతని నంబరు కొట్టింది. హాజరు వరసగా ఎర్రగా వచ్చింది. గైర్హాజరు, గైర్హాజరు, గైర్హాజరు. ఏడు రోజులు వరసగా రాకపోతే ఆ పేరు దానంతటదే ఒక జాబితాలోకి వెళ్తుంది. జాబితా పీఆర్వోకి వెళ్తుంది. గవర్నమెంటు ఆఫీసుల పనులు చూసే మనిషి అతను. జాబితాలో ఉన్నవాళ్ళ మీద ఫిర్యాదు పెడతాడు. ఎవరికీ ఫోను చెయ్యడు.

ఆమె ఇంకా లోపలికి వెళ్ళి, సర్వర్ రాసుకున్న అసలు వరసలు తెరిచింది. వేలిముద్రలన్నీ ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోలేదు. లింబాద్రి తెల్లవారుజామున మూడింటికి వేలు పెట్టినప్పుడు ఆ గడియారానికి ఇంకా ముందురోజు రాత్రి పదకొండే. అతను వచ్చినట్టు నిన్నటి తారీఖులో పడింది, వెళ్ళినట్టు ఈ రోజు తారీఖులో పడింది. ఏ రోజు చూసినా మనిషి రాకముందే వెళ్ళిపోయినట్టుంది. అలాంటి రోజుని సాఫ్ట్‌వేర్ గైర్హాజరు కింద కొట్టేస్తుంది. మిగతావాళ్ళందరూ నాలుగు దాటాకే పనికి వెళ్తారు కాబట్టి వాళ్ళకేం కాలేదు. మూడింటికి లేచేది ఇతనొక్కడే.

ఉమ చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది.

"ఏమన్న దొరికిందా మేడం?"

"ఇంకా చూడాలండి," అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "రేపు చెప్తాను. నంబరు ఇచ్చి వెళ్ళండి."

అతను నంబరు రాసిచ్చాడు. లేచి నిలబడి కాసేపు ఆమె వైపే చూశాడు. "సరే మేడం, మీ దయ," అని బస్సు టైముందని వెళ్ళిపోయాడు.

జగన్మోహనరావు అంతా విన్నాడు. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. అయ్యాక లేచి వెళ్ళి తలుపు మూశాడు.

"ఎవరెవరికి తెలుసు?"

"మీకూ నాకూ సార్."

"గడియారం సరిచెయ్యి. ఇవాళే. ఆ పాత వరసలు మాత్రం ఎవరికీ చూపించకు."

"మరి ఆయన సంగతి? ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి కదా సార్."

"తీసుకుంటాం. కానీ తీసుకోవాలంటే పొరపాటు మాదని కంపెనీ రాసివ్వాలి. వచ్చేనెల క్లయింటు ఆడిట్ ఉంది. ఒక్క మనిషి హాజరు తప్పని రాసిస్తే, మిగతా రెండువేల మందిది ఒప్పని ఎలా నమ్ముతారు? క్లౌడ్ క్లౌడ్ అని మన ఓనరు కఫీల్ దగ్గర నేను ఎంత చెప్పానో నీకు తెలుసు. పీఆర్వోతో నేను మాట్లాడతానమ్మా. నెమ్మదిగా సర్దుదాం."

నెమ్మదిగా సర్దుదామన్న మాట పట్టుకుని ఆమె బయటికొచ్చింది. నమ్మితే తన పని తేలికవుతుంది కాబట్టి నమ్మింది. గడియారం మార్చడానికి ఒక్క లైను సరిపోయింది. డేటాబేసు ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, అన్నీ చూసుకునేసరికి ముప్పావు గంట. జూన్‌లో ఈ ముప్పావు గంట కూడా దొరకలేదు తనకి.

మర్నాడు లింబాద్రి రెండుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు. గురువారం ఒకసారి చేశాడు. ఎత్తలేదు. ఆ తర్వాత చెయ్యలేదు.

వారం తిరిగేలోగా లింబాద్రి తనంతట తనే లేబర్ ఆఫీసుకి వెళ్ళి మొర పెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి కంపెనీకి ప్రశ్న వచ్చింది. జగన్మోహనరావు ఒక కాగితం తెచ్చి ఉమ బల్ల మీద పెట్టాడు. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. ఆ రోజుల్లో హాజరు వ్యవస్థ సక్రమంగా పనిచేసిందని, ఏ సాంకేతిక లోపమూ లేదని. కింద ఆమె పేరు, సంతకానికి చోటు.

"ఇది అబద్ధం సార్."

"నిజం రాస్తే ఏం రాయాలి చెప్పు? రిపోర్టులో నాలుగు గంటలు కలిపి, తప్పు బయటపడకుండా దాచింది ఎవరు? నేనా? ఆ లైను పక్కన నీ పేరే ఉంది." ఆయన గొంతు పెంచలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "నిన్ను బెదిరించట్లేదమ్మా. నీ గురించే ఆలోచిస్తున్నాను. విక్రమ్‌కి ఇంకా ఏదీ కుదిరినట్టు లేదు కదా?"

"లేదు సార్."

"పాప వీసా ఎప్పటివరకు?"

ఆమె పెన్ను తీసుకుంది. సంతకం ఎప్పట్లాగే వచ్చింది, వంకర కూడా పోలేదు.

ఆ సాయంత్రం షాబియాలోని ఇంట్లో విక్రమ్ దోసెలు పోసి పెట్టాడు. రెండేళ్ళుగా వంట అతనిదే. "ఎందుకలా ఉన్నావు?" అనడిగాడు. "ఎండ," అంది. ఇంకొకటి వెయ్యనా అంటే చాలంది. శ్రీదుర్గ లెక్కల పుస్తకం తెచ్చి గడియారం బొమ్మలు చూపించి టైము ఎంతో చెప్పమంటే, "నాన్ననడుగు," అని లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆగస్టులో ఒక రోజు దిల్షాద్ బేగం టీ తాగుతూ చెప్పింది. "వో అల్ ఐన్ వాలా చలా గయా, ఉమా. ఏడాది దాకా మళ్ళీ రాకుండా బ్యాన్. జాతే జాతే ఇక్కడికి వచ్చాడు, సలాం చెప్పి పోయాడు. నిన్ను అడగలేదు."

ఆడిట్ బాగా జరిగింది. కేకు కోశారు.

అక్టోబరులో కఫీల్ ఆఫీసుకి వచ్చాడు. పెద్దాయన, ఏడాదికి రెండుమూడు సార్లు కంటే రాడు. ఆయన వస్తే అందరూ చొక్కాలు సర్దుకుంటారు. అదే ఇమేజ్‌ని ఇంకో రెండు బ్రాంచీలకి కూడా పెడదామని జగన్మోహనరావు చెప్తున్నాడు. సర్వర్ ఎలా లేస్తుందో చూపించమని ఉమని పిలిచారు. బటన్ నొక్కి చూపించింది. అయిదు నిమిషాలు గడిచాయి. సర్వర్ లేచింది.

కఫీల్‌కి అది నచ్చినట్టుంది. ఇంగ్లీషులో అడిగాడు, దీంతో ఎప్పుడైనా ఇబ్బంది వచ్చిందా అని. ఆయన ఊరికే అడిగాడు. లేదు అంటే సరిపోయేది. జగన్మోహనరావు ఆ మాట అనడానికి నోరు కూడా తెరిచాడు.

"వచ్చింది సార్," అంది ఉమ.

ఎందుకు అందో ఆమెకే తెలియదు. మొదలుపెట్టాక ఆగలేదు. గడియారం, తోట, ఎర్రగా వచ్చిన రోజులు, కాగితం, తన సంతకం, అన్నీ చెప్పింది. జగన్మోహనరావు కిటికీలోంచి బస్సుల షెడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

కఫీల్ మనిషి పేరు అడిగాడు. పీఆర్వోని పిలిపించి అరబ్బీలో రెండు మాటలు చెప్పాడు. పీఆర్వో ఫోను తీసి ఎవరితోనో మాట్లాడి, తల ఊపాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం, పొరపాటు మాదే అని కాగితం పంపితే చాలట. కాగితం అక్కడే టైపు చేశారు. కఫీల్ సంతకం పెట్టాడు. లెక్కేస్తే అన్నీ కలిపి పావుగంట.

"ఇది నాకు జూలైలో ఎందుకు చెప్పలేదు?" అనడిగాడు కఫీల్. కోపంగా కాదు, అర్థంకాక అడిగినట్టు. కాసేపు జగన్మోహనరావునీ కాసేపు ఆమెనీ చూశాడు. లింబాద్రికి కావాలంటే మళ్ళీ వీసా ఇద్దామని చెప్పి, నమాజుకి వేళయిందని లేచి వెళ్ళాడు.

ఎవరి ఉద్యోగమూ పోలేదు. సాయంత్రం జగన్మోహనరావు ఆమె బల్ల దగ్గర ఆగాడు. "ఇంత చిన్న విషయానికి లోపల్లోపల అంత కుమిలిపోయావా అమ్మా? నాతో గట్టిగా ఒక మాట అనాల్సింది కదా," అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఉమ ఊరి నంబరు సంపాదించి లింబాద్రికి ఫోను చేసింది. వెనకాల వరికోత మిషను చప్పుడు. ఎవరిదో మిషను, తను నడుపుతున్నాడట. దాన్ని ఆపి, పక్కకొచ్చి విన్నాడు.

"కేసు తీసేశారు. బ్యాన్ కూడా పోతుంది. కఫీల్ మళ్ళీ వీసా ఇస్తామన్నారు."

"మంచిది మేడం."

"ఆ టాంకర్ కంపెనీ వాళ్ళు…"

"గా నౌకరి అప్పుడే ఇంకొగలకు ఇచ్చిన్రు. మల్ల నేను రాను, వీసా వద్దు. నాకో కాయితం గావాలె. తెలుగుల. నేను ఉరుకలేదని. ఈడ ఏజెంటు అందరికి జెప్పిండు, లింబాద్రి కంపెనీల కెల్లి ఉరికిండు, పోలీసులు పట్టి పంపిన్రని. నా పిల్లలు గుడ అడుగుతున్రు."

"తప్పకుండా రాస్తాను."

"మీకు ఎన్నడు తెల్సిందో గుడ రాయి."

ఆమె ఏదో అనబోయేలోగా అతనే అన్నాడు.

"నువ్వు గా దినమే జూసినవ్ మేడం. నేను ఎదురుంగనే కూసున్న గద. కంప్యూటర్ల జూస్కుంట జూస్కుంట ఆగినవ్. మల్ల నా దిక్కు మొకం తిప్పలే. గప్పుడే నాకు ఎర్కైంది, మిషన్‌దే తప్పని. అయినంక మూడుసార్ల ఫోన్ జేసిన. ఎత్తుతవనుకున్న. నువ్వు మా తెలుగామెవు గదా అని."

"క్షమించండి," అంది.

"కాయితం పంపు," అని అతను పెట్టేశాడు. మళ్ళీ 'మేడం' అనలేదు.

కాగితం రాయడానికి రెండు రోజులు పట్టింది. తెలుగులో అంత పొడుగు రాసి ఎన్నేళ్ళయిందో. లింబాద్రి ఒక్కరోజు కూడా మానకుండా పనిచేశాడని రాసింది. సర్వర్ గడియారం తప్పని రాసింది, ఆ తప్పు సరిచెయ్యాల్సింది తనేనని కూడా రాసింది. తారీఖు దగ్గర ఆగిపోయింది. జూలై పంతొమ్మిదినే తెలుసని రాస్తే, ఈ కాగితం ఆర్మూరు నుంచి ఫోన్లలో ముసఫ్ఫాలో పనివాళ్ళుండే క్యాంపులకి చేరడానికి రెండు రోజులు చాలు. లేబర్ ఆఫీసుకి ఇచ్చిన కాగితం మీద తన సంతకం జూలై ఇరవై ఆరున ఉంది. తెలిసీ అబద్ధం రాసిచ్చినట్టు తన చేత్తో తనే ఒప్పుకున్నట్టవుతుంది.

'ఈ విషయం తర్వాత పరిశీలనలో తెలిసింది' అని రాసి, ఫొటో తీసి పంపింది.

మర్నాడు పొద్దున జవాబొచ్చింది. "తారీకు లేదు."

ఆమె ఆ రెండు మాటలూ చాలాసార్లు చూసింది. ఆ రోజు కొత్త బ్రాంచీలకి సర్వర్లు లేపుతున్నారు. ప్రతిదాంట్లో ముందు గడియారం మార్చింది, రెండేసి సార్లు సరిచూసుకుంది, జగన్మోహనరావు తొందరపెట్టినా ఆగలేదు. జవాబు రేపు రాద్దామనుకుంది. మర్నాడూ అలాగే అనుకుంది.

డిసెంబరులో, స్కూలు సెలవులు మొదలైన రోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూర్చుని మొత్తం మళ్ళీ రాసింది. జూలై పంతొమ్మిది, మంగళవారం, పదకొండు గంటల వేళ, ఆయన నా ఎదుట కూర్చుని ఉండగా తెలిసింది అని రాసింది. ఇరవై ఆరున అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టానని రాసింది. కింద పూర్తి పేరు పెట్టింది. ఫొటో తీసింది.

వాట్సాప్‌లో లింబాద్రి నంబరు తెరిస్తే అతని ఫొటో ఉండే చోట బూడిదరంగు గుండ్రం మాత్రం ఉంది. పంపింది. ఒకే టిక్కు పడింది, చేరినట్టు చూపే రెండోది రాలేదు. మధ్యాహ్నం చూసింది, మర్నాడు చూసింది. ఫోను చేస్తే ఒక్కసారి మోగి ఆగిపోయింది. విక్రమ్ ఫోన్‌లోంచి చేస్తే ఎత్తాడు, ఆమె "లింబాద్రి గారూ" అనగానే పెట్టేశాడు.